మన యింటి నేల యెవరిది?

గృహప్రవేశమునకు పోయిన యతిథికి నేటి గృహస్థుడు మొట్టమొదట చూపునది దేవుని గది కాదు, గాలివచ్చు కిటికీయు కాదు. తాను పఱపించిన నేలను చూపును. ఇది ఇటలీ రాయి యని యొకరు, అద్దమువలె నున్నది మొగము చూచుకొనుడని మఱియొకరు, చదరపుటడుగున కింత పడినదని వేఱొకరు చెప్పుదురు. అతిథులు వంగి చూచి, తలలూపి, తమ యింటి గచ్చును తలచుకొని చిన్నబోవుదురు. ఈ సంబరమంతయు జరుగుచుండగా ఆ యింటి ముసలితల్లి గోడపట్టుకొని నడచుచుండును. నేలపై తడిబట్ట వేసిన వేళ ఆమె మంచము దిగదు. ఆమె సుఖముకొఱకే కట్టిన యిల్లు. ఆమె చేతులమీదనే పాలు పొంగించిన యిల్లు. కాని నేలను ఎన్నుకొన్న దినమున కన్నులను అడిగిరేగాని కాళ్లను అడుగలేదు.

దేశమున నిన్ని చిక్కులుండగా సంపాదకీయ స్తంభమున గచ్చులను గూర్చియు, తివాచీలను గూర్చియు వ్రాయుట యేమని పాఠకులు శంకింపవచ్చును. మా సమాధానమిది. సామాన్య కుటుంబీకుడు తన జీవితమున నొక్కమాఱు ఇల్లు కట్టును. ఆ యింట ఒకసారి పఱచిన నేల ముప్పది, నలువది యేండ్లు కదలదు. దానిపై బిడ్డలు ప్రాకుదురు, వృద్ధులు తడబడుదురు, దానికొఱకు వెచ్చించిన ధనము ఏదో యొక గనికి, ఏదో యొక మగ్గమునకు, ఏదో యొక చేతికి చేరును. లేక చేరవలసిన చేతికి చేరకపోవును. ఇల్లిల్లును చేయు నీ చిన్న నిర్ణయములు కూడికొనియే ఒక జాతి వృత్తులు నిలుచుటయో కూలుటయో జరుగును.

ఏ నేలయైనను మూడు ప్రశ్నలకు ఉత్తరము చెప్పవలెను. దానిపై నడచువానికి క్షేమమా? మన యెండకు, మన వానకు తగినదా? దానిని త్రవ్విన, నేసిన, పఱచిన చేతికి అన్నము పెట్టుచున్నదా? తళుకు నాలుగవ ప్రశ్న. నేడు ఆ నాలుగవ ప్రశ్న నొక్కదానినే అడుగుచున్నారు. తక్కిన మూడును అడిగినచో మన యంగడివీధుల రూపమే మాఱిపోవునని మేము చెప్పుచున్నాము.

మొదట రాతిమాట. పేడతో నలికిన మట్టినేలకు మరల పొమ్మని మేము ఎవరికిని చెప్పుట లేదు. ఆ నేలను వారమునకు రెండుమాఱులు అలికిన స్త్రీల నడుములకు ఆ సౌందర్యపు వెల తెలియును. కాని మట్టినేలకును ఇటలీరాతికిని నడుమ మన భూమి మనకు మఱియొక దానిని ప్రసాదించియున్నది. కడపసీమ నల్లని నాపరాయి, కర్నూలుసీమ బేతంచెర్ల రాయి, వికారాబాదు జిల్లాలోని తాండూరు నీలపు, పసుపుపచ్చని బండలు, వాని కావలియొడ్డున కర్ణాటకములోని షాబాదు బండలు, ఇవన్నియు భూగర్భమున పొరలు పొరలుగా పేరుకొన్న సున్నపురాతి సంపద. ఈ రాయి పొరలుగా విడివడును గనుక దిమ్మెలను కోయు మహాయంత్రములు లేని కాలముననే మనవారు దీనిని ఉలితోను గునపముతోను పలకలుగా తీయగలిగిరి. పల్నాటి సున్నపురాతిపైననే అమరావతి స్తూపశిల్పులు, నాగార్జునకొండ శిల్పులు తమ యులిని నడపిరి. బుద్ధుని పాదముద్రలను భరించిన రాతికులము మన పాదములకు చాలక పోయినదా?

ఈ రాతిపై నేరములు మోపువారు లేకపోలేదు. రంగు ఒక్కతీరున నుండదని వారందురు. నిజమే, భూమి అచ్చుయంత్రము కాదు. నిమ్మరసము, చింతపండు పులుసు పడినచో మచ్చ పట్టునందురు. అదియు నిజమే, సున్నపురాయికి పులుపు శత్రువు. స్నానశాల కడుగు యాసిడ్డు దీనిపై పోసినచో మెఱుగు పోయి తెల్లవాఱును. కాని ఈ నేరమును చెప్పినవారే మఱునాడు పోయి కొనితెచ్చు ఇటలీ చలువరాయి యెట్టిది? అదియు సున్నపురాతి జాతిదే. దానికిని నిమ్మరసము శత్రువే. పైగా ఆ రాళ్లలో పెక్కు రకములు పెళుసైనవి గనుక వెనుక వలగుడ్డ యంటించి, పగుళ్లలో జిగురు నింపి పంపుదురు. కడపరాతియందు దోషముగా కనబడిన గుణమే సముద్రము దాటివచ్చినచో నాజూకుతనముగా మాఱుచున్నది. ఇది రాతిగుణము కాదు. చూచువాని కన్నులలోని పొర. ఇంతకును ఇటలీ పేరున నమ్మబడు ప్రతి రాయియు ఇటలీలో పుట్టినదని నమ్మనక్కఱలేదు. మనము కొనుచున్నది రాతిని కాదు, ఆ పేరును.

మఱియొక వింత కలదు. నేడు పింగాణి పలకలపై యంత్రము రంగులు చిమ్మి ఏ బొమ్మనైనను అచ్చొత్తగలదు. చెక్కబొమ్మ, చలువరాతి బొమ్మ, తుదకు పొరలు తేలిన నాపరాతి బొమ్మయు అచ్చొత్తుచున్నది. ఊరికి నలువది మైళ్ల దూరమున నిజమైన రాయి గుట్టలుగా పడియుండగా, దాని ఛాయాచిత్రము నచ్చొత్తిన పలకను ఆవలి రాష్ట్రమునుండి లారీలపై తెప్పించి పఱచుకొనుచున్నాము. తల్లిని వాకిట నిలిపి ఆమె పటమునకు పూలదండ వేయుటకును దీనికిని భేదమేమి?

ఇచట స్వదేశీ మాట నెత్తగానే కొందఱు మమ్ము నిలదీయుదురు. పింగాణి పలకలు విదేశపు సరకా? గుజరాతులోని మోర్బీలో తయారగుచున్నవి గదా; దేశమున నమ్ముడుపోవు పలకలలో అత్యధికభాగము అచటివే గదా; స్వరాజ్యము వచ్చిన తరువాత ఇంకను స్వదేశీ యేమి యని వారి వాదము. ఈ వాదమును మేము చులకన చేయము. మోర్బీ కొలుములవద్ద చెమటోడ్చువాడును మన సోదరుడే. మఱియు స్వదేశీ యనగా పాతదానిని పట్టుకొని వ్రేలాడుట కాదు. 1907లో బిపినచంద్రపాలుడు రాజమహేంద్రవరము, మచిలీపట్టణము మొదలగు పట్టణములలో ప్రసంగించి మన యువకుల నెత్తురు నుడికించిన కాలమున, ధనికుల మేడలలో పఱచు రంగుపలకలు ఇంగ్లండునుండి యోడలపై దిగుచుండెడివి. వానిని తగులబెట్టి ఊరకుండుటతో దేశము బాగుపడలేదు. 1922లో బొంబాయిలో ఫిరోజిషా సిధ్వా యను పారసీక వర్తకుడు ఆ పలకలకు దీటైన సిమెంటుపలకలను మన గడ్డపైననే పోతపోయ నారంభించెను. రాజకీయ స్వాతంత్ర్యమునకు ఆర్థిక స్వాతంత్ర్యము తోడు కావలెనను దీక్షయే ఆ కార్ఖానాకు పునాది. తమిళదేశమున చెట్టినాటి ఆత్తంగుడి గ్రామమున నేటికిని గాజుపలకపై రంగులు పోసి, ఇసుక సిమెంటులు నింపి, చేతితో నొక్కొక్క పలకను తీయుచున్నారు. కొలిమి లేదు, బొగ్గు లేదు. అట్టి స్వదేశీని మేము మెచ్చుచున్నాము.

కావున మా తగవు పింగాణి పలకతో కాదు. వివేకము లేక దానిని వాడుటతోడనే. 1200 డిగ్రీలకు పైబడిన వేడిలో కాలిన గట్టిపలక నీటిని నూటికి అరవంతు కూడ పీల్చదు. వంటయింటి గోడకు, నూనె చిందు గట్టునకు, నిత్యము తడియు స్నానశాలకు అది మేలైన వస్తువు. దాని స్థానమున దానిని ఉంచుడు. కాని గరుకుపలకను కొనుడు. పలక జారుడును కొలుచుటకు జర్మనులు ఆర్ 9 మొదలు ఆర్ 13 వఱకు తరగతు లేర్పఱచిరి. అంకె పెరిగినకొలది పట్టు పెరుగును. స్నానశాలకు పదికి తక్కువైన దానిని ముట్టరాదు. ఈ యంకె తెలుగున పెట్టెపై నుండదు, అంగడివాడు తనంతట చెప్పడు, కొనువాడు అడుగడు. ప్రపంచమున ఏటేట సుమారు 6,84,000 మంది పడిపోవుటవలన మరణించుచున్నారని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో ప్రకటించినది. వారిలో అఱువదియేండ్లు దాటినవారే యెక్కువ. వృద్ధుల తుంటి యెముక విఱిగినచో మంచము పట్టి మరల లేవనివారు ఎందఱో ప్రతి పాఠకుడును తన బంధువర్గమున లెక్కించుకొనవచ్చును. అద్దమువంటి నేల అద్దమువలెనే నిర్దయమైనది.

అంగడిలో చేయదగిన పరీక్ష యొకటి కలదు. దానికి శాస్త్రజ్ఞుడు అక్కఱలేదు. పలకపైనను రాతిపైనను ఒక చెంబెడు నీరు పోయించి చెప్పులు విడిచి నిలుచుండుడు. మీ తల్లిని తీసికొనిపోయి నిలుపుడు. ఆమె కాలు ఔనన్నదే మంచి నేల. ఈ పరీక్షలో మన రాయియు తప్పించుకొనజాలదు. అద్దమువలె మెఱుగుపెట్టిన కడపరాయియు తడిలో జారును. సగము నునుపు చేసినదియో, గరుకు తీసినదియో పాదమును పట్టుకొనును. మఱియు రాయి అరిగినచో తిరిగి మెఱుగు పట్టింపవచ్చును. పై పూతగల పలక పగిలినచో మార్చుటయే గాని బాగుచేయుట లేదు. అయిదేండ్ల తరువాత ఆ రంగు, ఆ కొలత దొరకవు. అందుచేత పలక కొనువారు నూటికి పది యెక్కువ కొని, ఒక పెట్టె దాచుకొనవలెను. పెట్టెలన్నిటిపై ఒక్కటే రంగుసంఖ్య యున్నదా యని చూచుకొనవలెను.

ఎన్నుకొనుట సగమే, పఱచుట మిగిలిన సగము. ఈ సగమున మన గృహస్థుల దోషము మఱింత పెద్దది. పలకకు లక్షలు పోయువాడు దానిని పఱచు మేస్త్రివద్ద పదులకు బేరమాడును. ముహూర్తము పెట్టించిన తరువాత నేలపని మొదలుపెట్టించి, పదునైదు దినముల పనిని అయిదు దినములలో ముగింపుమని గద్దించును. ముహూర్తము యజమానిది, మోకాళ్లు మేస్త్రివి. ఆ తొందర ఫలమును ఇంటిల్లిపాది ముప్పదియేండ్లు అనుభవించుచున్నారు.

ఆ ఫలమెట్టిదో వివరించెదము. గట్టిపలక నీటిని పీల్చదంటిమి. అందుచేతనే ఉత్త సిమెంటుమాలు దానిని పట్టుకొనజాలదు. దానికొఱకు ప్రత్యేకించిన జిగురుమాలును వెనుకవైపున నిండుగా పూయవలెను. తొందరపడిన మేస్త్రి నాలుగు మూలలకు నాలుగు ముద్దలు పెట్టి అదుముకొని పోవును. పైకి నేల చక్కగనే యుండును. రూపాయిబిళ్లతో తట్టిచూచినచో బోలుమ్రోత వినబడును. ఒకనాడు చేతిలోని రోకలి జారి పడును. పలక రెండుగా పగులును. పలకకును పలకకును నడుమ రెండు మూడు మిల్లీమీటర్ల సందు విడువవలెను. ఎండకు వస్తువు పెరుగును; పెరుగుటకు చోటు లేనిచో నొకదానినొకటి త్రోసికొని, వేసవి మధ్యాహ్నమున గదినడుమ గుడారమువలె పైకి లేచును. ఆ చప్పుడుకు ఇంటివారు భూతమనుకొని దడుచుకొందురు. భూతము లేదు, సందు కనబడిన నేల అందము చెడునన్న యజమాని మొండితనమే ఆ భూతము.

స్నానశాలలో వాలు లేకున్న నీరు నిలుచును; నీరు నిలిచినచోట పాచి, పాచి పట్టినచోట పాటు. పదియడుగులకు రెండంగుళములైనను వాలుండవలెను. పలక పఱచుటకు ముందు నీరు దిగకుండ పూతపూసి, తూము మూసి, రెండు దినములు నీరు నిలిపి, క్రిందిగది కప్పున చెమ్మ దిగుచున్నదా యని చూడవలెను. నాపరాతికి క్రింద మాలు నిండుగా వేసి, రసమట్టమును ప్రతి బండపైనను పెట్టి, చెక్కసుత్తితో కొట్టి సరిచేసి, వారముదినములు తడి యాఱనీయకూడదు. ఇవి రహస్యములు కావు. మంచి మేస్త్రి కందఱికిని తెలిసినవే. చేయుటకు వానికి కాలమును, కూలియు ఇచ్చువారే కఱవైరి.

మఱియొక మాటను మేము ఉపేక్షింపజాలము. యిరుగుపొరుగున ఇల్లు కట్టుచుండగా వినబడు ఆ కోతరంపపు కీచుధ్వని మన చెవులను మాత్రమే నొప్పించును. ఆ రంపమునుండి లేచు తెల్లనిధూళి పనివాని యూపిరితిత్తులలో దిగును. గ్రానైటులోను పింగాణిలోను గల యిసుకధూళి కొన్నియేండ్లలో ఊపిరిని గట్టిపఱచి మనిషిని చంపును. దానిని సిలికోసిసు అందురు. దానికి మందు లేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే దీనిని ప్రకటింపవలసిన వ్యాధులలో చేర్చినది. కాని మన యింటి వరండాలో కూర్చుండి పలక కోయువాడు ఏ ఫ్యాక్టరీలోనివాడు? వాని పేరు ఏ పుస్తకమున నున్నది? రంపమునకు నీరు పెట్టి కోయించుట కష్టము కాదు. ధూళి చాలవఱకు అణగును. ముక్కునకు తగిన ముసుగు కొనియిచ్చుట ఖర్చు కాదు. ఒక పలక వెల కూడ కాదు. గృహప్రవేశమున బ్రాహ్మణునకు బట్టలు పెట్టువారు, ఊపిరిని ధారవోసిన పనివానికి ఒక ముసుగు పెట్టలేరా?

గనులును నిర్దోషులని మేము చెప్పము. త్రవ్వి విడిచిన గోతులు, వ్యర్థపు రాతిగుట్టలు, మెఱుగుపట్టు యంత్రములనుండి వెడలు తెల్లని బురద, ఇవి ఆ సీమల పొలములకును నీటికిని చేటు. కాని దూరపు గని దోషము మనకు కనబడదు. దగ్గఱి గని దోషమును మనము నిలదీయవచ్చును, సవరింపవచ్చును. మన రాతిని వాడుటలో నిదియు నొక ధర్మము: వాడువాడు బాధ్యత వహించును.

ఇక తివాచీ మాట. నేల మీది నేలయే తివాచీ. మన చరిత్రలోని యొక సిగ్గుచేటైన యధ్యాయము దీనియందు ఇమిడియున్నది. మచిలీబందరు తివాచీ లొకప్పుడు భారతదేశమున శ్రేష్ఠమైనవానిలో చేరియుండెను. 1851లో లండనున జరిగిన మహాప్రదర్శనమున వరంగల్లు తివాచీలను చూచి పాశ్చాత్యులు ముక్కుపై వ్రేలు వేసికొనిరి. మూడు దశాబ్దములు తిరుగకుండగనే, 1880లో, భారతీయ శిల్పములను గూర్చి గ్రంథము వ్రాసిన బర్డ్‌వుడ్ అను ఆంగ్లేయుడే మచిలీబందరు తివాచీ చెడిపోయినదని విలపించెను. ఎట్లు చెడినది? ఆంగ్ల వర్తకులు చవుక సరకు కావలెననిరి. నేతగాండ్రకు చవుకనూలు తామే తెచ్చియిచ్చిరి. వెనుకపోగునకు ఇంగ్లండు పురికొస వచ్చెను. ఒక కట్టు తెగిన తరువాత తక్కిన కట్టులు నిలువలేదు. 1856లో పుట్టిన రసాయనపు రంగులు మనదేశమునకు దిగి చెట్లబెరళ్ల రంగులను త్రోసివైచినవి. కారాగృహములలో ఖైదీలచేత నేయించిన తివాచీలు అంగడికి దిగి స్వేచ్ఛగా బ్రతుకు నేతగాని వెలను నేలకు దించినవి. ఒక కళను ఫిరంగులు చంపలేదు, బేరము చంపినది.

ఆనాటి బేరగాడు పరాయివాడు. నేటి బేరగాడెవడు? మనమే. పారసీకమునుండి వచ్చి స్థిరపడినవారి సంతతి చేతులలో ఏలూరు తివాచీ వందలయేండ్లు వర్ధిల్లెనని పెద్దలు చెప్పుదురు. ఉన్నిపోగులను ఒక్కొక్కటిగా ముడివేసి, కత్తిరించి, దువ్వి తీయు నా పని నేడు కొద్దిపాటి మగ్గములకు దిగిపోయి ఎగుమతి బేరములను నమ్ముకొని యున్నది. వరంగల్లు కొత్తవాడ జంబుఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. మంచిదే. కాని గుర్తింపుపత్రము గోడకు వ్రేలాడును, కడుపునకు చేరదు. హైదరాబాదులోను విజయవాడలోను విశాఖపట్టణములోను ఇల్లు కట్టువాడు ఆ జంబుఖానాను కొన్ననాడే ఆ గుర్తింపునకు ప్రాణము వచ్చును. తెలుగువాని యింట తెలుగుతివాచీ లేక, పెట్రోలియమునుండి తీసిన పోగుతో యంత్రము కుమ్మరించిన చాపలు పఱచియున్నంతకాలము ఆ పత్రము సంతాపపత్రమే.

కొనువారికి తెలియదను సాకు చెల్లదు. తివాచీని తిరుగవేసి చూడుడు. చేతిముడి తివాచీ వెనుకవైపున ముందరి చిత్రమే ముడిముడిగా కనబడును. వెనుక గుడ్డ యంటించి జిగురు పూసియున్నచో అది ముడి తివాచీ కాదు. తుపాకివంటి పరికరముతో పోగులు గ్రుచ్చినది. కొందఱు దానినే చేతిపనియని హెచ్చువెలకు అమ్ముదురు. ఒక పోగును తీసి కాల్చిచూడుడు: ఉన్ని వెండ్రుకలు కాలిన వాసన వేసి పొడియగును, కల్తీపోగు కరగి గట్టి పూసయగును. మఱియు ఆ ముడులు పసిపిల్లల వ్రేళ్లు వేసినవి కావని తెలిసికొనుడు. ఉత్తరదేశపు తివాచీ మగ్గములలో బాలురను బానిసలుగా కూర్చుండబెట్టిన దురాచారముపై కైలాస్ సత్యార్థి మొదలగువారు పోరాడి 1994లో రగ్‌మార్కు అను చిహ్నమును ఏర్పఱచిరి. తరువాత అది గుడ్‌వీవ్ అను పేరున నడచుచున్నది. బిడ్డల కన్నీరు పీల్చిన తివాచీ ఏ దేశమున నేసినదైనను స్వదేశీ కాజాలదు.

పఱచుటయందును వివేకము వలయును. గోడనుండి గోడవఱకు అతికించిన తివాచీ చలిదేశముల వాడుక. మన కోస్తా చెమ్మలో, మన దుమ్ములో అది తేమను, పురుగును దాచుకొని ఉబ్బసరోగిని పీడించును. మన యింటికి తగినది చుట్టి యెత్తి యెండవేయదగిన తివాచీ, ఉతుకదగిన జంబుఖానా. నున్నని నేలపై నుత్తగా వేసినచో అదియే జారి మనిషిని పడవేయును. క్రింద పట్టుగల పలుచని పొర వేయవలెను, అంచులు లేవకుండ చూడవలెను. ఆఱుమాసములకొకసారి దిక్కు మార్చినచో ఒకేచోట అరుగదు. ఇట్లు వాడిన ఉన్నితివాచీ తాతనుండి మనుమనికి దిగును. ఖర్చెక్కువయని వాపోవువారు వెలను ఏండ్లతో భాగించి చూతురు గాక.

ప్రభుత్వములకును మా మాట యొకటి. రెండు తెలుగు రాష్ట్రములలోను సర్కారు కట్టడములకు ఏటేట ఎంత నేల పఱచుచున్నారో వారికే తెలియును. ఏ జిల్లా కచ్చేరీయైనను ఆ జిల్లా రాతితో, లేక దాని సమీపపు రాతితో పఱపవలెనని నియమము చేయుడు. అతిథిగృహములలోను సమావేశమందిరములలోను ఏలూరు తివాచీయు వరంగల్లు జంబుఖానాయు గాక వేఱొకటి కనబడరాదు. పలకల పెట్టెపై జారుడుతరగతిని తెలుగున అచ్చొత్తింపుడు. తడికోత లేని రంపమును పనిచోట నిషేధించి, కోతపనివారికి ఏటేట ఊపిరిపరీక్ష చేయింపుడు. నేలమేస్త్రిని కూలివానిగా గాక శిల్పిగా నమోదు చేసి, శిక్షణమిచ్చి, తగిన వేతనమును నిర్ణయింపుడు. ఉపన్యాసములలో చేతివృత్తులను కీర్తించి గుత్తపత్రములలో వానిని మఱచు పద్ధతి చాలును.

కాని ప్రభుత్వము చేయువఱకు ఆగవలసిన పని ఇది కాదు. 1905లో విదేశవస్త్రమును త్యజించిన గృహిణికి ఏ ప్రభుత్వము ఉత్తరువు చేయలేదు. చేయకుండ అడ్డగించిన ప్రభుత్వమే ఆనాడుండెను. నేడు అడ్డగించువారు లేరు. మన రాతిని ఎన్నుకొనుటకు చెఱసాల లేదు, మన తివాచీని కొనుటకు లాఠీదెబ్బ లేదు. మనకు అడ్డము వచ్చునది పొరుగువాని నేలయందలి తళుకొక్కటియే. సామ్రాజ్యమును ధిక్కరించిన వారి మనుమలము పొరుగువాని తళుకునకు లొంగుటా?

ఇల్లు కట్టబోవు ప్రతి పాఠకుని మేము కోరునది స్వల్పము. పలక కొనుటకు ముందు ఒకదినము వ్యయపఱచి ఒక గనిని, ఒక మగ్గమును చూచిరండు. మీ తల్లిని అంగడికి తోడ్కొనిపోయి తడినేలపై నిలుపుడు. మేస్త్రికి పదిదినము లెక్కువ యిండు. రంపమునకు నీరు పెట్టింపుడు. ఆ పిదప మీకు తోచినదానిని పఱచుకొనుడు, మేము అడ్డురాము. అట్లు పఱచిన నేలపై మీ మొగము కనబడక పోవచ్చును. కాని మీ తల్లి గోడను విడిచి గదినడుమ నడచును. ఎక్కడనో యొక మగ్గము ఆ నెల ఆగకుండ నాడును. గృహప్రవేశమునాడు అతిథికి చూపదగిన శోభ అంతకుమించి మఱియొకటి లేదు.